హరిహరనాథుని కొలిచిన కవి – తిక్కన సోమయాజి

ఈ ఉత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితం వ్రాసి ఇవ్వవలసిందని సభవారు కోరినప్పుడు మాకు వెంటనే తట్టిన పేరు తిక్కన. అందుకు కారణం ఒక చిన్నపిల్ల. మా సాయంకాలపు తెలుగు తరగతికి వచ్చే పదకొండేళ్ల అమ్మాయి ఒకనాడు లేచి నిలబడి ఒక ప్రశ్న అడిగింది. వాళ్ల ఇంటి దీపపు గదిలో గోవిందుని పటం, శివుని పటం పక్కపక్కనే ఉన్నాయట. బడిలో తోటిపిల్ల ఎవరో, వేరువేరు దేవుళ్లకు ఒకరంటే ఒకరికి పడదని చెప్పిందట. మరి రాత్రి దీపం కొండెక్కిన తరువాత వాళ్లిద్దరూ పోట్లాడుకోరా అని ఆ పిల్ల సందేహం. తక్కిన పిల్లలు నవ్వారు. మాకు మాత్రం నవ్వు రాలేదు. ఏమి చెప్పాలో తోచక వారం రోజులు గడువు అడిగాము. ఆ వారంలో తిరగేసిన పుస్తకాల ఫలితమే ఈ వ్యాసం. మాది మూడవ తరం తెలుగు. బ్రతుకుతెరువుకు ఓడ ఎక్కి నేటాలుకు వచ్చిన తాతల నోటి మాట కొంత, రాత్రి బడిలో నేర్చినది కొంత. తప్పులుంటే పెద్దలు మన్నింతురు గాక.

తిక్కన 13వ శతాబ్దంలో నెల్లూరు సీమలో వెలసిన మహాకవి. వ్యాస భారతాన్ని తెనిగించిన ముగ్గురు కవులలో రెండవవాడు. 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో నన్నయ ఆది, సభా పర్వాలను ముగించి, అరణ్య పర్వంలో కొంతవరకు వ్రాసి ఆగిపోయాడు. తిక్కన విరాట పర్వం మొదలుకొని స్వర్గారోహణ పర్వం వరకు 15 పర్వాలు ఒంటిచేతిమీద రచించాడు. మధ్యన మిగిలిన అరణ్య పర్వ శేషాన్ని 14వ శతాబ్దంలో ఎఱ్ఱన పూరించాడు. ఇంతవరకు మన పిల్లలు కూడా వల్లె వేయగలరు. అయితే తిక్కన ఏ కాలంలో కూర్చుండి ఈ పని చేశాడో తెలిసినప్పుడే ఆయన గొప్పతనం మనకు బోధపడుతుంది.

అది దేవుళ్ల పేరిట మనుషులు విడిపోయిన కాలం. 12వ శతాబ్దంలో కన్నడ దేశంలో బసవేశ్వరుడు, తెలుగు దేశంలో మల్లికార్జున పండితారాధ్యుడు శివభక్తిని ఊరూరా వ్యాపింపజేశారు. శివుడు తప్ప వేరు దైవం లేడని నమ్మిన వీరశైవులు విష్ణువు పేరు వినడానికి కూడా ఇష్టపడేవారు కారు. దక్షిణం నుండి రామానుజాచార్యుల వైష్ణవం వచ్చింది. అందులోని వీరవైష్ణవులు శివుని గుడి ఛాయలకు పోయేవారు కారు. 1182 ప్రాంతంలో జరిగిన పలనాటి యుద్ధానికి మూలం దాయాదుల రాజ్యభాగము, కోడిపందెము. అయినా బ్రహ్మనాయుని పక్షాన వైష్ణవం, నాగమ్మ పక్షాన శైవం నిలిచి ఆ మంటకు గాలి విసిరినవని పెద్దలు చెబుతారు. ఇట్లు ఒకే భాష మాట్లాడే జనం, ఒకే పంట తినే జనం, నొసటి బొట్టును బట్టి ఒకరినొకరు వేరుగా చూసుకొనసాగారు.

తిక్కన పుట్టినది మంత్రుల వంశం. తాత భాస్కరుడు గుంటూరులో అధికారం నెరపిన మంత్రి, విద్వాంసుడు. తండ్రి కొమ్మన, తల్లి అన్నమ. తిక్కన నెల్లూరిని ఏలిన తెలుగు చోడ రాజు మనుమసిద్ధికి మంత్రి అయినాడు. ఆ నగరాన్ని ఆనాడు విక్రమసింహపురమని పిలిచేవారు. కవి, మంత్రి ఒక్కడే కావడం చేత రాజుకు ఆయనపై ఎక్కువ చనువు. మనుమసిద్ధి ఆయనను మామా అని వరుస పెట్టి పిలిచి, మామవు గనుక నీ కావ్యకన్యను నాకే ఇవ్వాలని అడిగాడట. అట్లు రాజుకు అంకితమైన కావ్యమే నిర్వచనోత్తర రామాయణం. పేరుకు తగినట్లు అందులో వచనం లేదు, అంతా పద్యమే. రాముని అవతార సమాప్తిని చెప్పడానికి మనసొప్పకనో ఏమో, ఆ కడపటి భాగాన్ని తిక్కన వ్రాయలేదు. తరువాత జయంతి రామభట్టు దానిని పూర్తిచేశాడు.

మంత్రి పని పూలపాన్పు కాదు. దాయాదులు ఏకమై మనుమసిద్ధిని గద్దె దింపారు. తిక్కన ఓరుగల్లుకు వెళ్లి కాకతి గణపతిదేవుని సహాయం కోరాడు. గణపతిదేవుడు 1199 నుండి 1262 వరకు రాజ్యమేలిన మహాప్రభువు. నెల్లూరి మంత్రి ఆ కొలువులో భారత కథ వినిపించి రాజు మనసు గెలిచాడని, కాకతీయ సైన్యం వచ్చి మనుమసిద్ధిని తిరిగి గద్దెపై నిలిపిందని సిద్ధేశ్వర చరిత్ర అనే కావ్యం చెబుతున్నది. దానిని వ్రాసినవాడు కాసె సర్వప్ప. గణపతిదేవుడు శైవుడు. శైవ గురువైన విశ్వేశ్వర శివాచార్యుడు ఆ కాకతీయ కుటుంబానికి దీక్షాగురువు. హరిహరుల నిద్దరినీ తలచే కవి, శివభక్తుడైన రాజు ఎదుట నిలిచి కథ చెప్పి సహాయం పొందాడన్నమాట.

ఇక్కడ ఒక చేదు మాట కూడా చెప్పాలి. అదే సిద్ధేశ్వర చరిత్ర, తిక్కన ఓరుగల్లులో జైన బౌద్ధ పండితులను వాదంలో ఓడించాడని, తరువాత రాజు వారిని కఠినంగా శిక్షించాడని కూడా చెబుతున్నది. ఆ గ్రంథం తిక్కనకు శతాబ్దాల తరువాత వ్రాసినది. అందులోని ప్రతి మాటను సాక్ష్యంగా తీసుకోనక్కరలేదు. అయినా ఆ కథను దాచిపెట్టి తిక్కనను పొగడడం మాకు న్యాయంగా తోచలేదు. శివునికీ విష్ణువుకూ సంధి కుదిరిన ఇంటి గడప బయట జైనుడు నిలబడి ఉన్నాడని ఆ కథ మనకు గుర్తు చేస్తున్నది. అది నిజమైనా, తరువాతివారి కల్పన అయినా, ఒక కవిని గౌరవించడానికి ఇతర మతస్థుల ఓటమిని చెప్పుకొని సంతోషించిన కాలం ఒకటి ఉండినదని ఒప్పుకోవాలి. ఈ సంగతిని తిరిగి కడపట తలుస్తాము.

తిక్కన ఇంట యుద్ధం కూడా చొరబడింది. ఆయన పెదతండ్రి సిద్ధన కుమారుని పేరు కూడా తిక్కనే. కత్తి పట్టిన వీరుడు గనుక ఖడ్గ తిక్కన అన్నారు. పశువుల మేతకు చెల్లించవలసిన పుల్లరి విషయమై మనుమసిద్ధికీ, యాదవ నాయకుడైన కాటమరాజుకూ తగవు వచ్చింది. పాలేటి ఒడ్డున పోరు జరిగింది. బలగం నశించగా ఖడ్గ తిక్కన ఇంటికి మరలి వచ్చాడు. భార్య స్నానానికి ఆడవారికి పెట్టినట్లు నులక మంచం చాటు పెట్టి, పసుపు ముద్ద ఉంచిందని, తల్లి విరిగిన పాలు వడ్డించిందని, ఆ అవమానం భరించలేక అతడు తిరిగి పోయి పోరాడి మరణించాడని కథ. మన ముసలివారు ఈ కథను పౌరుషానికి ఉదాహరణగా చెబుతారు. మాకు మాత్రం ఇది చదివినప్పుడల్లా, ఆ ఇంటిలోనే కూర్చుండి భారత యుద్ధాన్ని వ్రాసిన కవి గుర్తుకు వస్తాడు. గడ్డి కోసం సోదరుణ్ణి పోగొట్టుకొన్న వంశంలోని కవికి, దాయాదుల పోరంటే ఏమిటో ఇంకొకరు చెప్పవలసిన పని లేదు.

తిక్కన వేదవిహితమైన సోమయాగం చేసి సోమయాజి అయినాడు. అటువంటి వైదికుడు భారతాన్ని తెనిగించడానికి పూనుకొన్నప్పుడు, ఈ కావ్యాన్ని ఎవరికి అంకితమివ్వాలన్న ఆలోచన వచ్చింది. మొదటి కావ్యాన్ని రాజుకు ఇచ్చాడు. ఈసారి రాజుకు ఇవ్వలేదు. స్వర్గస్థుడైన తండ్రి కొమ్మన కలలో కనిపించాడని, ఆయన వెంట హరిహరనాథుడు సాక్షాత్కరించి ఈ భారతానికి తానే కృతిపతినని అనుగ్రహించాడని, తిక్కన విరాట పర్వం ఆరంభంలో చెప్పుకొన్నాడు. హరిహరనాథుడంటే సగం శివుడు, సగం విష్ణువు. కుడి సగాన జట, శూలం. ఎడమ సగాన కిరీటం, చక్రం. తిక్కన తన గ్రంథంలో ఆశ్వాసం మొదలుపెట్టినప్పుడు, ముగించినప్పుడు ఆ స్వామినే పిలిచాడు. శైవుడు ఆ భారతం చదవాలంటే అందులో విష్ణువుకు కూడా నమస్కరించాలి. వైష్ణవుడు చదవాలంటే శివునికి కూడా మ్రొక్కాలి. కథ మీది ఆశ చేత ఇద్దరూ మ్రొక్కారు.

హరిహరమూర్తిని తిక్కన కొత్తగా కల్పించలేదు. 6వ శతాబ్దంలో తొలిచిన బాదామి గుహలో హరిహరుని పెద్ద శిల్పం ఉన్నది. తుంగభద్ర ఒడ్డున హరిహర క్షేత్రంలో హొయసల రాజు రెండవ నరసింహుని మంత్రి పోలాళ్వుడు 1224 ప్రాంతంలో హరిహరేశ్వరాలయం కట్టించాడు. అంటే తిక్కన జీవించిన కాలంలోనే, పొరుగు రాజ్యంలో ఇంకొక మంత్రికి కూడా ఇదే ఆలోచన తోచింది. అతడు రాతితో కట్టాడు, తిక్కన పద్యంతో కట్టాడు. నెల్లూరిలో పెన్న ఒడ్డున రంగనాథుని గుడి ఉన్నది. అదే ఊరిలో మూలస్థానేశ్వరుడనే పేరుతో శివుడు ఉన్నాడు. రంగనాథుని సన్నిధిలోనే తిక్కన భారతం వ్రాశాడని అక్కడివారు నేటికీ చెప్పుకొంటారు.

ఆయన రచనను గూర్చి మా చిన్న చదువుతో చెప్పగలిగినది కొంచెమే. తిక్కన సంస్కృత సమాసాలను తగ్గించి, అచ్చ తెలుగు మాటలకు పెద్దపీట వేశాడు. పాత్రలు మన ఎదుట నిలబడి మాట్లాడినట్లుంటాయి. ద్రౌపది కోపం, కీచకుని మోహం, ఉత్తరుని బీరాలు, కృష్ణుని రాయబారం చదివితే నాటకం చూసినట్లే. యుద్ధభూమిలో కథ నడక ఆగకుండా భగవద్గీతను బాగా కుదించాడు. కవిబ్రహ్మ అని, ఉభయకవిమిత్రుడని ఆయనకు బిరుదులు. కేతన తన దశకుమార చరిత్రను ఆయనకు అంకితమిచ్చాడు. గురునాథుడనే కుమ్మరి ఆయనకు లేఖకుడని, తడబడకుండా పద్యం చెబుతానని తిక్కన పంతం పట్టాడని ఒక కథ. ఒకచోట మాట తోచక, ఇక ఏమి చెప్పేదని గురునాథుణ్ణి అడిగితే, ఆ అడిగిన మాటలే కురునాథుడైన ధృతరాష్ట్రుని పిలుపుగా పద్యంలో చక్కగా అతికిపోయాయట. మా తరగతి పిల్లలకు అన్నిటికంటె ఇష్టమైన కథ ఇదే.

ఇక పిల్ల అడిగిన ప్రశ్నకు వస్తాము. దేవుళ్లు పోట్లాడుకొంటారా? వ్యాస భారతంలోనే దీనికి జవాబు దొరికింది. శాంతి పర్వంలో నారాయణీయమనే భాగం ఉన్నది. దక్షయజ్ఞం నాడు రుద్రుడు విసిరిన శూలం యజ్ఞాన్ని ధ్వంసం చేసి, బదరిలో తపస్సు చేస్తున్న నారాయణుని రొమ్మున తాకింది. నారాయణుడు హుంకరించగా శూలం వెనుకకు మరలింది. రుద్రుడు మీదికి వచ్చాడు. నారాయణుడు ఆయన కంఠం పట్టుకొన్నాడు. లోకాలు వణికిపోయాయి. అప్పుడు బ్రహ్మ పరుగున వచ్చి, ఇద్దరూ ఒకటేనని గుర్తు చేసి బ్రతిమాలాడు. రుద్రుడు కోపం విడిచాడు. నారాయణుడు ప్రసన్నుడై, తనను ఎరిగినవాడు శివుని ఎరిగినట్లేనని, తమకు భేదం లేదని చెప్పాడు. శూలం తాకిన గుర్తు తన రొమ్ముపై శ్రీవత్సమై ఉంటుందని, తన చెయ్యి పడిన గుర్తు చేత శివుడు శ్రీకంఠుడవుతాడని వరమిచ్చాడు.

ఈ కథ చదివి మేము చాలాసేపు పుస్తకం మూయలేదు. ఒకరు కొట్టిన గుర్తును మరొకరు నగలాగ ధరించారు. విష్ణువును పూజించేవాడు శివుని శూలపు గుర్తును చూడక తప్పదు. అనుశాసన పర్వంలోనూ ఇట్లే ఉన్నది. శివుని వేయి నామాలు, విష్ణువు వేయి నామాలు రెండూ ఒకే పర్వంలో ఉన్నాయి. అక్కడ కృష్ణుడే స్వయంగా శివుని గూర్చి తపస్సు చేసిన కథ చెబుతాడు. ఇటువంటి గ్రంథానికి హరిహరనాథుని కంటె తగిన కృతిపతి ఎవరు? తిక్కన కల ఊరక వచ్చిన కల కాదని మా నమ్మకం. ఆయన చదివిన గ్రంథమే ఆ కలను తెచ్చింది.

తిక్కన తరువాత కూడా ఆ దారి నడిచినవారు ఉన్నారు. నాచన సోమన తన ఉత్తర హరివంశాన్ని హరిహరనాథునికే అంకితమిచ్చాడు. అంతటితో జగడాలు తీరిపోలేదు. నామం, విభూతి తగవులు ఆ తరువాత ఎన్నో తరాలు సాగాయి. ఒక్క కావ్యం దేశాన్ని మార్చలేదు. కాని కలిసి మ్రొక్కదలచినవారికి ఒక చోటు చూపించింది. మనుమసిద్ధి రాజ్యం పోయింది, కాకతీయుల కోట 1323లో ఢిల్లీ సేనల చేత చిక్కింది. తిక్కన భారతం ఓడలెక్కి సముద్రాలు దాటి మన వంటివారి చేతికి కూడా వచ్చింది.

1860 నవంబరులో మద్రాసు నుండి మొదటి ఓడ నేటాలు రేవుకు వచ్చినప్పటి నుండి మనవారు ఇక్కడ అన్ని దేవుళ్లనూ కలిపే కొలిచారు. పెరటాసి శనివారం గోవిందుని తలచిన అవ్వలే తమిళుల కావడి వెంట కూడా నడిచారు. దీపావళికి పక్కింటి ముసల్మానులకు మిఠాయి పళ్లెం పంపి, రంజాను పండుగకు వారు పంపినది తిన్నారు. మాకు కూడా అదే అలవాటు. కాని ఇక్కడ మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. మా తోడబుట్టిన చెల్లెలు పెళ్లి తరువాత క్రైస్తవ మతం పుచ్చుకొన్నది. మూడేళ్లు మేము ఆమె గడప తొక్కలేదు. పక్కింటికి వెళ్లిన దీపావళి పళ్లెం చెల్లెలి ఇంటికి వెళ్లలేదు. ఆ రోజులలోనే మేము తరగతిలో హరిహరులు ఒకటేనని పాఠం చెప్పుతూ ఉండినాము.

అమ్మ మంచాన పడినప్పుడు చెల్లెలు వచ్చి కూర్చున్నది. అమ్మ చేతులు వణుకుతూ దీపం సర్దలేకపోతుంటే, తాను మ్రొక్కకపోయినా, నూనె పోసి వత్తి సవరించి అగ్గిపుల్ల గీసి ఇచ్చింది. అమ్మ దీపం వెలిగించింది. మేము వాకిట నిలబడి చూశాము. ఆ సంవత్సరం దీపావళి పళ్లెం మేమే స్వయంగా తీసుకొని పోయాము. చెల్లెలు ఏమీ అనలేదు. పళ్లెం తీసుకొని, క్రిస్మస్ నాడు అదే పళ్లెంలో కేకు పెట్టి తిరిగి పంపింది. ఓరుగల్లులో గడప బయట నిలిచిన జైనుని కథ చదివినప్పుడు మాకు తట్టినది ఆ మూడేళ్లే. దగ్గరి ఇద్దరిని కలపడం కష్టమే, తిక్కన దానిని సాధించాడు. మూడవవానికి కూడా పీట వేయవలసిన పని ఆయన తరువాతివారికి, మనకు మిగిలింది.

వారం గడిచిన తరువాత ఆ పిల్లకు జవాబు చెప్పాము. అవును, ఒకసారి పోట్లాడుకొన్నారు. బ్రహ్మ వచ్చి విడిపించాడు. అప్పటి నుండి ఒకరి గుర్తు ఒకరి ఒంటిమీద ఉన్నది, అది చూసినప్పుడల్లా వాళ్లకు స్నేహం గుర్తుకు వస్తుంది అని చెప్పాము. పిల్ల కొంచెం ఆలోచించి, అయితే పటాలు రెండూ అట్లే పక్కపక్కన ఉంచవచ్చునా అని అడిగింది. ఉంచవచ్చునన్నాము. తన బడి స్నేహితురాలు ఇంటికి వస్తే దీపపు గది చూపించవచ్చునా అని కూడా అడిగింది. తప్పక చూపించమన్నాము.

ఈ ఉత్సవ సమయాన మన బిడ్డలందరికీ తిక్కన భారతంలో కనీసం ఒక్క పర్వపు కథనైనా వినిపించాలని తల్లిదండ్రులను కోరుతూ, హరిహరనాథుడు అందరినీ చల్లగా చూడాలని ప్రార్థిస్తూ ముగిస్తున్నాము.